హారర్ నవల ముందు చదవాలా, సినిమా ముందు చూడాలా? మీకు నచ్చిన జంటలు చెప్పండి

ప్రశ్న: అర్ధరాత్రి పాఠకుడు

హారర్ నవలలనూ హారర్ సినిమాలనూ ఒకే మోజుతో వెతుక్కునే మిత్రులందరికీ నమస్కారం. మేము కొందరు స్నేహితులం కలిసి ఒక అలవాటు చేసుకున్నాం. ఒక నవలను అందరం చదువుతాం, తర్వాత దాని ఆధారంగా వచ్చిన సినిమాను కలిసి చూస్తాం, ఆ పైన రెండింటినీ పక్కపక్కన పెట్టి తీరుబడిగా మాట్లాడుకుంటాం. ‘డ్రాకులా’, ‘ద షైనింగ్’ ఇలాగే పూర్తి చేశాం. అక్కడే మాలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి.

బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన ‘డ్రాకులా’ నవల దినచర్యలు, ఉత్తరాలు, టెలిగ్రాములు, పత్రికా వార్తల రూపంలో సాగుతుంది కాబట్టి, ఆ పుట రాస్తున్న పాత్రకు తెలిసినంతే మనకూ తెలుస్తుంది. డ్రాకులా కోటలో అతిథిగా దిగిన జోనథన్ హార్కర్ కిటికీ దగ్గర చిన్న అద్దం తగిలించుకుని గడ్డం గీసుకోబోతుంటాడు. భుజం మీద చేయి పడుతుంది, పలకరింపు వినబడుతుంది, కానీ వెనుక గది అంతా కనబడుతున్న ఆ అద్దంలో మనిషి జాడ మాత్రం లేదు. ఉలికిపాటుకు కత్తి తగిలి గడ్డం కాస్త తెగుతుంది. ఇదంతా హార్కర్ న్యాయవాద వృత్తికి తగిన నిదానంతో రాసుకుంటూ పోతాడు, ఆ నిదానమే నన్ను ఎక్కువగా భయపెట్టింది. తెరమీద ఇటువంటి అద్దం దృశ్యాలు ఎన్ని చూసినా అవి నాకు నేర్పైన కెమెరా కిటుకులుగానే తోచాయి.

‘ద షైనింగ్’ విషయంలో మా వాదన ఇంకా ముదిరింది. స్టీఫెన్ కింగ్ 1977 నాటి నవలలో తండ్రి పాత్ర తాగుడు మానుకుని, భార్యాబిడ్డలను నిలుపుకోవాలని నిజంగా తపించే మనిషి, కాపలాదారుగా చేరిన హోటల్ అతణ్ణి కొద్దికొద్దిగా మింగేస్తుంది. స్టాన్లీ కుబ్రిక్ 1980లో తీసిన సినిమాలో ఆ తండ్రిగా వేసిన జాక్ నికల్సన్ ఉద్యోగం కోసం మాట్లాడుతూ నవ్విన మొదటి నవ్వుతోనే ఇతని మీద మనకు నమ్మకం పోతుంది. ఈ మార్పు తనకు నచ్చలేదని కింగ్ చాలాసార్లు చెప్పాడు. మాలో సగం మంది మాత్రం సినిమాయే గొప్పదని ఇప్పటికీ పట్టుబడుతున్నారు.

కాబట్టి నేను అడగదలచుకున్నది ఇది. భయం చెడిపోకుండా ఉండాలంటే నవలతో మొదలుపెట్టాలా, సినిమాతోనా? నవల చేయలేని పనిని సినిమా చేసి చూపించిన జంటలు, లేదా సినిమా ఎంత పెనుగులాడినా అందుకోలేకపోయిన నవలలు మీకు తెలిసినవి ఏవి? తెలుగు నవలలూ చెప్పండి. వీలైనంతవరకు ముగింపులు బయటపెట్టకుండా రాస్తే మేలు చేసినవారవుతారు.

సమాధానం: చీకటి గది

నవలే ముందు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. సినిమా ఒకసారి చూశాక ఆ ఇల్లు, ఆ ముఖం, ఆ మెట్లు మన బుర్రలో స్థిరపడిపోతాయి, తర్వాత పుస్తకం తెరిచినా మన ఊహకు చేయడానికి పనేమీ మిగలదు.

షిర్లీ జాక్సన్ 1959లో రాసిన ‘ద హాంటింగ్ ఆఫ్ హిల్ హౌస్’ మీ బృందానికి నా మొదటి సూచన. దయ్యాలున్నాయన్న ఇంట్లో కొద్దిమంది పరిశోధన కోసం బస చేస్తారు, కథ అంతా ఎలినార్ అనే ఒంటరి యువతి మనసుకు ఆనుకుని నడుస్తుంది. నవల నడిమి భాగంలో ఒక రాత్రి గదిలో కటిక చీకటి, పక్క గదిలోంచి ఏదో గొణుగుడు, ఆ తర్వాత ఒక పసిబిడ్డ ఏడుపు. ఎలినార్ భయంతో పక్క మంచం మీది థియోడోరా చేతిని గట్టిగా పట్టుకుంటుంది. ఆ చేతి ఎముకలు తన వేళ్ళకు తెలుస్తుంటాయి, ఆ పట్టే తనకు ధైర్యం. చివరకు ఇక భరించలేక అరుస్తుంది. దీపం వెలుగుతుంది. థియోడోరా చేయి అందనంత దూరంలో, అప్పుడే నిద్ర లేచి, ఏమైందని అడుగుతూ ఉంటుంది.

ఇక్కడ రచయిత్రి చేసిన పని గమనించండి. మనకు ఆమె ఏ ఆకారాన్నీ చూపలేదు, ఏ రక్తమూ చిందలేదు. అప్పటిదాకా పాత్రకు ఊరటగా ఉన్న ఒక్క వస్తువును ఎంచుకుని, అది జరిగిపోయాక దాని అర్థాన్ని తిరగేసింది. భయం ముందుకు కాక వెనక్కి పాకుతుంది. చదివేసిన రెండు పేజీలనూ మనం మళ్ళీ, ఈసారి వేరే దృష్టితో, మనసులోనే చదువుకుంటాం. పైగా ఎలినార్ మాట నమ్మదగినదేనా అన్న అనుమానం మొదటి అధ్యాయం నుంచీ మన వెంటే వస్తుంటుంది కనుక, ఆ చేయి నిజమా, ఆమె భ్రమా అన్నది తేలదు. తేలకపోవడంలోనే ఉంది దాని బలమంతా.

రాబర్ట్ వైజ్ 1963లో దీన్ని నలుపు తెలుపులలో సినిమాగా తీశాడు. ఈ చేతి ఘట్టం అందులోనూ ఉంది, బాగానే ఉంది, అయినా నవల ముందు తీసికట్టే. వైజ్ గెలిచింది ఇంకో చోట. మూసిన తలుపు అవతల భారమైన చప్పుళ్ళు, గట్టి చెక్క తలుపు లోపలికి ఉబ్బుతూ రావడం, ఇటువైపు నిస్సహాయంగా చూస్తున్న మనుషులు. అవతల ఏముందో సినిమా చివరిదాకా చెప్పదు. సరైన దర్శకుడు నవలను అనువదించడు, నవల ఏం దాచిందో కనిపెట్టి, దాన్ని తన పనిముట్లతో దాస్తాడు.

సమాధానం: పాత రీళ్ళు

చీకటి గది గారు చెప్పిన చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను, మొదటి మాటతో మాత్రం ఏకీభవించలేను. నవలకు ఊహ ఒక్కటే అండ. సినిమాకు ఊహతో పాటు కాలం కూడా చేతిలో ఉంటుంది. పాఠకుడు భయమేసినప్పుడు పుస్తకం మూసి నీళ్ళు తాగి రావచ్చు, ఒక పేరాను దాటేయవచ్చు, చివరి పేజీ తిప్పి చూసుకోవచ్చు. సినిమా హాల్లో కూర్చున్నవాడికి ఆ వెసులుబాటు లేదు, దర్శకుడు ఎంతసేపు ఆపదలిస్తే అంతసేపు ఊపిరి బిగబట్టాల్సిందే.

ఈ సంగతి బాగా తెలిసినవాడు జాక్ టర్నర్. చిరుతగా మారిపోతానని నమ్మే ఒక స్త్రీ కథతో ఆయన 1942లో తీసిన ‘క్యాట్ పీపుల్’లో ఇంకొక యువతి రాత్రివేళ గోడ పక్కగా నడుస్తుంటుంది. వెనుక ఇంకొకరి అడుగుల చప్పుడు. దీపస్తంభాల కింద వెలుగు, మధ్యలో చీకటి, మళ్ళీ వెలుగు. ఉన్నట్టుండి వెనుక అడుగుల చప్పుడు ఆగిపోతుంది. ఆమె వేగం పెంచుతుంది, మనం చిరుత మీద పడుతుందని ఎదురుచూస్తుంటాం. బుస్సుమన్న శబ్దం వస్తుంది, తీరా చూస్తే అది ఒక బస్సు వచ్చి ఆగడం. నిర్మాత వాల్ లూటన్ పేరు మీదుగా ఈ పద్ధతికి సినిమావాళ్ళు ‘లూటన్ బస్సు’ అని పేరు కూడా పెట్టుకున్నారు. తర్వాతి తరాలు దీన్ని పిల్లి దూకడాలకూ తలుపులు కొట్టుకోవడాలకూ దిగజార్చాయి గానీ, అసలు సన్నివేశంలో బస్సు వచ్చాక కూడా భయం తీరదు. చెట్ల కొమ్మలు అప్పటికీ కదులుతూనే ఉంటాయి. (అన్నట్టు, రాబర్ట్ వైజ్ దర్శకత్వం మొదలుపెట్టింది కూడా లూటన్ దగ్గరే. ఆ తలుపు దృశ్యానికి మూలం ఎక్కడుందో అర్థమవుతుంది.)

ఇక నవలను మించిన సినిమా ఏదని అడిగారు కనుక, నా జవాబు ‘రింగు’, చూసినవాళ్ళను ఏడు రోజుల్లో చంపే ఒక వీడియో టేపు కథ. కోజి సుజుకి నవల 1991లో వచ్చింది, హిదెయో నకాతా సినిమా 1998లో. నవలలో కథానాయకుడు మగ విలేఖరి, సినిమాలో ఆ స్థానంలో ఒక తల్లి ఉంటుంది, ఆ ఒక్క మార్పుతో ఆ శాపానికి గడువు దగ్గరపడడం మన గుండెకు మరింత బరువుగా తగులుతుంది. నవల ఎక్కువ భాగం పరిశోధన కథలా, వైద్యశాస్త్రపు తర్కంతో నడుస్తుంది, తెలివైనదే గానీ చల్లగా ఉంటుంది. టీవీలోంచి ఒక ఆకారం బయటికి వచ్చే, ప్రపంచమంతా గుర్తుపెట్టుకున్న ఆ దృశ్యం నవలలో అసలు లేదు, అది పూర్తిగా సినిమా కల్పించుకున్నది. ఆ ఆకారం నడక అంత ఎబ్బెట్టుగా ఎందుకుంటుందంటే, నటిని వెనక్కి నడిపించి చిత్రీకరించి, ఆ ఫిల్మును తిరగేసి చూపించారు. అందుకే కాలు నేల మీద పడే తీరులో ఏదో తేడా ఉందని మన ఒంటికి తెలుస్తుంది, ఏమిటన్నది మాత్రం చెప్పలేం. అక్షరాల్లో ఇది ఎంత వర్ణించినా రాదు. మీరు ‘రింగు’ వరకు సినిమానే ముందు చూడండి.

ఇంకొక జంట కూడా మనవి చేస్తాను. హెన్రీ జేమ్స్ 1898లో రాసిన ‘ద టర్న్ ఆఫ్ ద స్క్రూ’, దాని ఆధారంగా జాక్ క్లేటన్ 1961లో తీసిన ‘ది ఇన్నోసెంట్స్’. ఇద్దరు పిల్లల బాగోగులు చూడడానికి వచ్చిన యువతికి చనిపోయినవాళ్ళు కనబడతారు. నిజంగా కనబడుతున్నారా, ఆమె మనసే కల్పిస్తున్నదా అని విమర్శకులు నూరేళ్ళకు పైగా తగవులాడుకుంటూనే ఉన్నారు. సినిమాలో డెబొరా కెర్ ఆ పాత్ర వేసింది. ఆ సరస్సు దృశ్యం చూడండి: పట్టపగలు, అవతల రెల్లు గడ్డి మధ్య నల్లని దుస్తుల్లో ఒక స్త్రీ నిలబడి ఉంటుంది, కదలదు, మీదికి రాదు, ఏ సంగీతమూ మనల్ని తట్టి హెచ్చరించదు. వెడల్పాటి తెర అంచులు ఖాళీగా, వెలుగుతో నిండి ఉంటే భయం చెదిరిపోతుందని, ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్ అంచులకు రంగు పూసిన ఫిల్టర్లు తయారుచేసుకుని, చిత్రం చుట్టూ చీకటి కమ్ముకునేలా చేశాడు. జేమ్స్ సుదీర్ఘ వాక్యాల్లో మనం దారి తప్పినట్టే, ఇక్కడ చూపు ఆ చీకటి అంచుల్లో దారి తప్పుతుంది.

సమాధానం: తొందరపడను

ఇరా లెవిన్ ‘రోజ్‌మేరీస్ బేబీ’ (1967)కి ఈ ముందూ వెనుకా తగాదా వర్తించదు. మరుసటి ఏడాదే రోమన్ పొలాన్స్కీ తీసిన సినిమా నవలను దాదాపు అడుగడుగునా అనుసరిస్తుంది, ఏది ముందైనా నష్టం లేదు. ‘ద మిస్ట్’కు మాత్రం కింగ్ పెద్దకథనే ముందు చదవండి. ఆ కథ తెగని చోట ఆగుతుంది, 2007లో ఫ్రాంక్ డారబాంట్ సినిమాకు వేరే ముగింపు పెట్టాడు, అది మూల రచయితకు కూడా నచ్చింది. ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెప్పినా మీ సాయంత్రం పాడుచేసినవాణ్ణి అవుతాను.

సమాధానం: సీరియళ్ళ తరం

తెలుగు నవలల మాట ఇంకా ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను అందుకుంటాను. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ పేరు మీ జాబితాలో లేకపోతే అది జాబితాయే కాదు. దీన్ని పుస్తకంగా ఏకబిగిన చదివినవాళ్ళకూ, వారపత్రికలో ధారావాహికగా చదివినవాళ్ళకూ అనుభవం ఒకటి కాదని నా అభిప్రాయం. సీరియల్ చదివేవాళ్ళకు పాత రీళ్ళు గారు చెప్పిన వెసులుబాటు, అంటే పేజీలు తిప్పి చివర చూసుకునే సౌకర్యం, లేదు. ఒక చిన్నపిల్ల ప్రాణం మీదికి వచ్చిన చోట కథ ఆగిపోతే, వచ్చే సంచిక దాకా ఆ పిల్ల పాఠకుడి మనసులోనే మంచం పట్టి ఉండేది. సినిమాకే సొంతమనుకున్న కాలాన్ని సీరియల్ కూడా గుప్పిట పట్టగలదు.

నవలగా దాని నేర్పు ఎక్కడుందంటే, చేతబడినీ వైద్యశాస్త్రాన్నీ రెండు పట్టాల మీద సమాంతరంగా నడిపించడంలో ఉంది. ప్రతి వింతకూ డాక్టరు చెప్పగల కారణం ఒకటి, మాంత్రికుడు చెప్పగల కారణం ఒకటి ఉంటాయి, పాఠకుడు తన నమ్మకాన్ని బట్టి ఒకదాన్ని పట్టుకోబోతాడు, అంతలో అది చేయి జారుతుంది. ఈ పద్ధతి మూఢనమ్మకాలను పెంచుతుందని ఆనాడే గట్టి విమర్శ వచ్చింది. రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని పుస్తకమే రాశారు. మీ బృందం నవల పూర్తి చేశాక ఆ విమర్శ కూడా చదివితే మాట్లాడుకోవడానికి బోలెడంత దొరుకుతుంది. నేను నవలను ఇష్టపడుతూనే ఆ విమర్శలో చాలా భాగాన్ని ఒప్పుకుంటాను, ఈ రెండూ ఒకే మనిషిలో ఉండకూడదన్న నియమమేమీ లేదు.

సినిమాల్లో, నవల ఆధారం లేకపోయినా సరే, రామ్ గోపాల్ వర్మ 1992లో తీసిన ‘రాత్రి’ చూడకుండా ముందుకు వెళ్ళవద్దు. అందులో రేవతి పాత్రకు, అంతకుముందు జనంతో నిండుగా ఉన్న సినిమా హాలు ఒక్కసారిగా ఖాళీగా కనబడే ఘట్టం ఒకటుంది. వరసలు వరసలుగా ఖాళీ కుర్చీలు, అంతే. చూస్తున్న మనం కూడా హాల్లోనే కూర్చుని ఉంటాం కనుక, చేయి తెలియకుండానే పక్క కుర్చీని తడుముతుంది. ఇది నవలలో పండే ఆలోచన కాదు, చూసే చోటును కూడా కథలోకి లాగిన ఆలోచన. దీని నేపథ్య సంగీతం మణిశర్మది, పాటల సంగీత దర్శకుడిగా ఆయనకు పేరు రాకముందటిది. దయ్యాన్ని వైద్యం వైపు నుంచి విప్పిన కథ కావాలంటే ఫాజిల్ మలయాళంలో 1993లో తీసిన ‘మణిచిత్రతాళు’ చూడండి. 2005 నాటి ‘చంద్రముఖి’కి ఆధారం అదే కథ. శోభన కళ్ళు మారే తీరు చూశాక ‘చంద్రముఖి’ నాకు కొంచెం సందడిగా అనిపించింది, అభిమానులు మన్నించాలి.

అర్ధరాత్రి పాఠకుడు:

అందరికీ కృతజ్ఞతలు. మీ సమాధానాలన్నింటిలో దాచడం గురించే ఎక్కువ వచ్చింది. మరి చూపించి మెప్పించిన సినిమా లేదా? ఆకారాన్ని తెర మీదికి తెస్తే భయం చచ్చిపోతుందన్నది అంత ఖాయమైన సూత్రమేనా?

సమాధానం: పాత రీళ్ళు

సూత్రం కాదు. కానీ ఎప్పుడు చూపుతారన్నది ముఖ్యం. ఎం.ఆర్. జేమ్స్ కథ ‘కాస్టింగ్ ది రూన్స్’ (1911)లో, వింత లిపి రాసిన కాగితాన్ని ఒక మనిషి తనకు తెలియకుండానే అందుకుంటాడు, అది అతని దగ్గర ఉన్నంతకాలం చావు అతన్ని వెంటాడుతుంటుంది. ఇందాక చెప్పిన టర్నరే దీన్ని 1957లో ‘నైట్ ఆఫ్ ద డెమన్’గా తీశాడు. అందులో ఆ కాగితం చేతిలోంచి జారి, మండుతున్న పొయ్యి వైపు ఎగిరి, అడ్డుగా పెట్టిన జల్లెడకు అతుక్కుని గిలగిలలాడుతుంది. కాగితం ముక్క చావడానికి ఇంత ఆత్రపడుతుంటే చూడడం ఎంత భయంకరమో మాటల్లో చెప్పలేను. అయితే టర్నర్ ఇష్టానికి వ్యతిరేకంగా, నిర్మాత పట్టుబట్టి సినిమా మొదట్లోనే రాక్షసుడిని స్పష్టంగా చూపించాడు. ఆ బొమ్మ బాగానే ఉంటుంది గానీ, కథానాయకుడు ‘ఇదంతా బూటకం’ అని వాదిస్తున్నంతసేపూ మనం అతనికంటే ముందే నిజం తెలుసుకుని కూర్చుంటాం. ఆ అనుమానపు రుచి మనకు దక్కదు.

చూపించి గెలిచినదానికి నా ఉదాహరణ ‘ది ఎగ్జార్సిస్ట్’, దయ్యం పట్టిన ఒక పిల్ల కథ. విలియం పీటర్ బ్లాటీ నవల 1971లో వచ్చింది. 1973 నాటి సినిమాకు స్క్రీన్‌ప్లే కూడా ఆయనదే, దానికి ఆస్కార్ అందుకున్నాడు. దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్ ఏదీ దాచడు. కానీ చూపించే ముందు ఆసుపత్రులు, సూదులు, ఎక్స్‌రేలు, డాక్టర్ల అయోమయం, ఒక తల్లి అలసట, ఇవన్నీ ఎంతో ఓపికగా, కళ్ళకు కట్టినట్టు చూపుతాడు. పిల్ల గదిని నిజంగానే శీతల యంత్రాలతో గడ్డకట్టేంత చల్లబరిచి చిత్రీకరించారు, నటుల నోటి నుంచి వచ్చే ఆవిరి అసలైనది. లోకం ఇంత నమ్మకంగా కుదిరాక, ఆ లోకంలోకి ఏది వచ్చినా నమ్మక తప్పదు. నవలలో ఫాదర్ కరాస్ ప్రతి లక్షణానికీ సహజమైన కారణం వెతుకుతూ చాలా పేజీలు నలిగిపోతాడు. సినిమాలో ఆ సందేహం కొంత పలచబడింది కాబట్టి, ఈ ఒక్క జంట విషయంలో చీకటి గది గారి మాటే నా మాట: నవల ముందు.

సమాధానం: చీకటి గది

ఒప్పుకున్నందుకు సంతోషం. పాఠకుడు గారి అసలు ప్రశ్నకు, సినిమా ఎన్నటికీ అందుకోలేనిది ఏది అన్నదానికి, నా దగ్గర ఒక చిన్న కథ ఉంది. డబ్ల్యు.డబ్ల్యు. జేకబ్స్ 1902లో రాసిన ‘ద మంకీస్ పా’. ముగింపు చెప్పక తప్పడం లేదు, చదవనివారు ఈ పేరాను దాటేయండి. మూడు కోరికలు తీర్చే కోతి పంజా. మొదటి కోరిక కొడుకు ప్రాణం తీసింది, యంత్రంలో నలిగిపోయి చనిపోయాడు. తల్లి పోరు పడలేక తండ్రి రెండో కోరికగా కొడుకును తిరిగి రమ్మన్నాడు. అర్ధరాత్రి వీధి తలుపు చప్పుడవుతుంది. తల్లికి పై గడియ అందక కుర్చీ లాక్కుని ఎక్కుతుంటుంది. నలిగిన ఆ శరీరాన్ని చూసి వచ్చిన తండ్రి, నేల మీద తడుముకుంటూ పంజా కోసం వెతుకుతుంటాడు. ఒకే తలుపుకు ఇవతల ఒకరికి ఆశ, ఒకరికి భయం. గడియ ఊడే సమయానికి అతని మూడో కోరిక పూర్తవుతుంది. వీధి ఖాళీ. బయట ఉన్నదేమిటో జేకబ్స్ ఒక్క మాట కూడా రాయలేదు. సినిమా అయితే ఆ చప్పుడుకు ఒక బరువును, ఒక లయను ఎంచుకోవాలి, ఎంచుకున్న క్షణాన అవతల ఉన్నవాడి చేయి ఎలాంటిదో మనకు తెలిసిపోతుంది. కథలో ఆ చేయి ఎలాంటిదో ఎవరికి వారు ఊహించుకోవాలి.

అర్ధరాత్రి పాఠకుడు:

ఆ పేరా చదవకుండా దాటేశాను, కథ చదివాక వచ్చి చదువుతాను. మా వాళ్ళతో మాట్లాడి వరుస ఖరారు చేశాను: ముందుగా ‘హిల్ హౌస్’ నవల, దాని సినిమా. ఆ తర్వాత ‘రింగు’, ముందు సినిమాయే. మూడోది ‘తులసిదళం’, దాని వెంటే రంగనాయకమ్మ గారి విమర్శ. ‘తులసిదళం’ను మాత్రం వారానికి కొన్ని అధ్యాయాలే చదవాలని, ముందుకు తిప్పి చూసినవాళ్ళను చర్చకు రానివ్వకూడదని నియమం పెట్టుకున్నాం.

సమాధానం: తొందరపడను

నియమం బాగుంది. ఒక్క జాగ్రత్త. ‘హిల్ హౌస్’ నవల మీద ‘ద హాంటింగ్’ అనే ఒకే పేరుతో రెండు సినిమాలున్నాయి. 1999లో యాన్ డి బాంట్ తీసినదానిలో ఇల్లంతా గ్రాఫిక్స్‌తో కదిలి, శిల్పాలు కళ్ళు తెరిచి, దాచాల్సినవన్నీ బారులు తీరి కనబడతాయి. వెతికేటప్పుడు సంవత్సరం చూసుకుని 1963 నాటిదే పెట్టండి.